ఒక్కపొద్దుల విమలమ్మ

డాక్టర్ రాఘవేంద్ర అడిగింది విమలను. జవాబు చెప్పింది ఆమె భర్త కిషన్. పోయిన వారం ఆ ఇద్దరినీ నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఆసుపత్రి గదిలో, సరిగ్గా ఆ జవాబు దగ్గర వదిలి వచ్చాం.

కిడ్నీలో రాయేమోనని తీసిన స్కానులో రాయి కనబడలేదు గానీ మరో సంగతి బయటపడింది. విమల కడుపులో, పేగు మలుపు వెనక నుంచి పోయే ఒక సన్నటి ధమని ఒకచోట బుడగలా ఉబ్బి ఉంది. అది ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరన్నాడు డాక్టరు. అందుకే ఒక్కొక్కటే తరిచి అడుగుతూ, "తిన్న తరువాత నొప్పి వస్తుందా అమ్మా? అందుకని తిండి తగ్గించారా?" అన్నాడు.

విమల నోరు తెరిచే లోపలే కిషన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "గదేం లేదు సార్. మా ఆమెది ఒక్కపొద్దుల పాణం. సోమారం, బేస్తారం, శనారం, వారంల మూడొద్దులు ఉపాసమే. గందుకే గిట్ల సన్నగున్నది. మా గల్లీల ఒక్కపొద్దుల విమలమ్మ అంటే ఎవ్వరైన చెప్తరు."

అంత మురిపెంగా చెప్పిన మాటను పక్కనే కూర్చుని కాదనడం ఎంత కష్టమో కాపురం చేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. విమల ఔననలేదు, కాదనలేదు. డాక్టరు ఆ ఊరుకోవడాన్ని ఔననే రాసుకున్నాడు.

"సరే, అయితే వినండి" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన తాతగారు గుడివాడ నుంచి ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి చేరిన మనిషి. అందుకని రాఘవేంద్ర మాట ఇప్పటికీ కృష్ణా జిల్లాదే, పోలికలు మాత్రం ఆబిడ్స్‌వి.

"ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అని గొడుగులాంటి కండ ఉంటుంది. దాని అంచున ఒక గట్టి పట్టీ. లిగమెంట్ అంటాం. కొందరిలో పుట్టుకతోనే అది కాస్త కిందికి దిగి ఉంటుంది. పొట్టకీ, కాలేయానికీ రక్తం మోసే పెద్ద ధమనిని పైనుంచి నొక్కేస్తుంది. నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్ దగ్గర రోడ్డు మూసేస్తారు కదా కిషన్ గారూ, అప్పుడు ఆటోలు ఎటు పోతాయి?"

"ఎటువోతయ్ సార్, ట్రూప్ బజార్ గల్లీలల్లకెళ్లి దూర్తయ్."

"ఏడాదికోసారి కాబట్టి సరిపోయింది. ఏళ్ల తరబడి రోజూ ఆ గల్లీలోంచే పోతే?"

"గల్లీ ఆగమైతది. గోడలు ఒరుగుతయ్."

"అదే జరిగింది. పెద్ద రోడ్డు నొక్కుకుపోయి రక్తమంతా పక్క గల్లీలోంచి పొట్టకు చేరుతోంది. ఆ గల్లీ గోడే ఇప్పుడు ఉబ్బింది."

ఇందులో చెయ్యగల పనులు రెండున్నాయన్నాడు. మొదటిది, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఉబ్బిన చోట తీగ చుట్టలు కూరి మూసెయ్యడం. దానికి కడుపు కొయ్యనక్కరలేదు, కానీ తప్పించుకోవడానికీ వీల్లేదు. రెండోది, కడుపులోకి వెళ్లి ఆ పట్టీని కోసి పెద్ద రోడ్డు తెరవడం.

"ఈ రెండోది చెయ్యాలా వద్దా అన్నది మీరు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది. స్కానులో నొక్కుడు ఓ మోస్తరుగానే కనబడుతోంది. తిన్నాక నొప్పి ఉండుంటే కోద్దామనేవాణ్ని. లేదంటున్నారు కాబట్టి ఉబ్బు మూసేసి, పట్టీ జోలికి పోకుండా కనిపెట్టుకుని ఉందాం."

విమల అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "పట్టీ గట్లనే ఉంటే ఏమైతది సార్?"

"నొక్కుడూ అలాగే ఉంటుందమ్మా. నొప్పి ఉన్నవాళ్లకు నొప్పి పోదు. రక్తం మళ్లీ ఏదో ఒక గల్లీ వెతుక్కుంటుంది. అక్కడా ఉబ్బు రావచ్చు, రాకనూ పోవచ్చు."

ఎల్లుండి వచ్చి చేరమన్నాడు. కిషన్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి బయటికి నడిచాడు.

గేటు దాటక ముందే తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, కోసుడు లేదంట! తీగ పంపి మూసేస్తరంట. నువ్వేం ఫికర్ చెయ్యకు." పక్కన పోతున్న ఆటోవాడు కూడా సంతోషించేంత గట్టిగా చెప్పాడు. ఆ ఊపులోనే విమలను రోడ్డవతలి ఇరానీ హోటలుకు తీసుకుపోయి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

"తిను, తిను. ఇయ్యాల మంగళారమే గదా, ఒక్కపొద్దు లేదు."

అదే వచ్చిన చిక్కు. వారంలో విమలకు భయం లేని రోజులు మూడు, భయపడే రోజులు నాలుగు. మంగళవారం రెండో రకంలోది. వద్దంటే ఎందుకంటాడు. ఆమె ఒక బిస్కెట్ తిన్నది. కిషన్ మురిసిపోయి ఇంకోటి చాయ్‌లో ముంచి చేతికిచ్చాడు. అదీ తిన్నది.

ఈ భయం ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి. కూతురు అక్షిత ఇంకా ఎల్‌కేజీకి పోయే రోజుల్లో విమలకు అన్నం తిన్న కాసేపటికి రొమ్ముకింద, కడుపు నడిమిన పట్టుకునేది. గల్లీ డాక్టరు గ్యాస్ అని గులాబీ రంగు మందు సీసా ఇచ్చాడు. సీసాలు అయిపోయాయి గానీ నొప్పి పోలేదు. ఒకసారి బంధువుల ఇంట్లో దావత్‌కు పోయి, విస్తట్లో వడ్డించినవన్నీ వదిలి లేచింది. కోడలు అలిగిందని ఆడవాళ్లంతా అత్త విద్యావతి ముఖం చూశారు. విద్యావతికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక వారం రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదు. తరువాత ఇంకో ఇంట్లో పెళ్లి. అది సోమవారం పడింది. వడ్డించబోతుంటే విమల చెయ్యి అడ్డం పెట్టి, "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అన్నది. అంతే, అందరి ముఖాలూ మారిపోయాయి. ఎవరో కూర్చోమని కుర్చీ వేశారు. విద్యావతి గర్వంగా కోడలి పక్కకు వచ్చి నిలబడింది.

తినకపోతే అలక, లేకపోతే మొక్కు. మన ఇళ్లల్లో ఆడమనిషి కంచం ముందు నుంచి లేవడానికి ఈ రెండే దారులు. నొప్పి అనే మూడోది ఎవరికీ తట్టదు. సోమవారం తరువాత శనివారం వచ్చి చేరింది, ఆపైన గురువారం. చూస్తుండగానే విమలకు పేరొచ్చింది. నోములు పట్టేవాళ్లు ముందుగా ఆమె చేత బొట్టు పెట్టించుకుని పోయేవాళ్లు. ఆ బొట్టు పెట్టేటప్పుడల్లా విమలకు లోపల సిగ్గేసేది.

హోటలు నుంచి ఇద్దరూ దుకాణానికి పోయారు. అది చిరాగ్ అలీ లేన్‌లో ఉంది. కిషన్ తండ్రి పెట్టిన టైలర్ దుకాణం. సూట్లకూ షేర్వానీలకూ పేరు. మగవాళ్ల బట్టలు తప్ప ఆడవాళ్ల బట్ట ఆ మిషన్ మీదికి ఎక్కకూడదని పెద్దాయన పెట్టిన కట్టుబాటు. అందుకని విమల జాకెట్లు ఇన్నాళ్లూ గల్లీలో ఒకావిడ కుడుతూ వచ్చింది, అవసరమైనప్పుడు కుట్లు బిగించుకునే పని విమలే చేసుకునేది.

"దవాఖానోళ్లిచ్చే గౌను ఎన్కకెళ్లి తెరిచి ఉంటది. నువ్వు సిగ్గుపడతవ్. నేనే ఒకటి ముందటికెళ్లి గుండీలు పెట్టి కుడ్త. నాయిన ఏమనుకున్న సరే" అని కిషన్ మెడలోంచి టేపు తీశాడు. పెళ్లయి ఇన్నేళ్లకు భార్యకు మొదటిసారి కొలత తీస్తున్నాడు. ముసిముసిగా నవ్వుకుంటున్నాడు కూడా.

టేపు నడుం చుట్టూ తిప్పి, గిరాకీలందరికీ చెప్పినట్టే చెప్పాడు. "ఊపిరి ఇడువు. ఊపిరి వట్టుకుంటే కొలత తప్పైతది. మొత్తం ఇడువు."

విమల ఊపిరి వదిలింది. రెండు బిస్కెట్లు, చాయ్ లోపలికి పోయి అప్పటికి కాసేపయింది. ఊపిరి మొత్తం బయటికి పోగానే లోపల ఎవరో తాడు బిగించి లాగినట్టయింది. చేతులు రెండూ కటింగ్ బల్ల మీద ఆనించి ముందుకు వంగిపోయింది. బల్ల మీది కత్తెర కిందపడింది.

"ఏందే? ఏమైంది?"

"ఏం లే. బిస్కెట్ పడలే."

కిషన్ ఆమె భుజం పట్టుకున్నాడు. రెండో చేతిలో టేపు ఇంకా నడుం చుట్టూ అలాగే ఉంది. అలవాటుకొద్దీ వేలు ఆగిన చోటు చూశాడు. మళ్లీ చూశాడు.

"విమలా, ఇదేం నడుమే? గీ కొలత నేను బడి పోరగాండ్ల షేర్వానీకి తీస్త."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"మూడొద్దులు తినకుంటే గింత గాదు. నేను శనారం ఒక్కపొద్దుంటలేనా? నాకు ఇంచు తగ్గలే. నిజం చెప్పు."

విమల బల్ల పట్టుకునే ఉంది. అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి కావాలి, అది అప్పుడు లేదు. "తింటే నొస్తది" అన్నది.

"ఎప్పటిసంది?"

"అక్షిత చిన్నగున్నప్పటిసంది."

"మరి ఒక్కపొద్దులు?"

"తినకుంటే నొయ్యదు గదా."

కిషన్ మిషన్ ముందరి స్టూలు మీద కూలబడ్డాడు. కిందపడ్డ కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత కోపం వచ్చింది. కోపంలో ముందు నోటికొచ్చేది ఎప్పుడూ అసలు సంగతి కాదు, దాని పక్కనున్నది.

"అంటే నేనెందుకున్ననే శనారం శనారం? నా పెండ్లాం దేవుని కోసం ఉంటది, నేనుండకుంటే ఎట్లని నోరు కట్టుకున్న. నాంపల్లి హోటల్ ముందరకెళ్లి పోతుంటె బట్టీల నుంచి బిస్కెట్లు తీస్తుండె. మొకం అటు తిప్పుకొని పోయిన! గా పుణ్యమంత ఎవరి ఖాతల పడ్డది?"

నొప్పిలోనూ విమలకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. కిషన్ లేచి వచ్చి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ల సీసా అందించి, గొంతు తగ్గించాడు.

"నాకెందుకు చెప్పలే విమలా?"

"చెప్పనిచ్చిన్రా? ఇయ్యాల డాక్టర్ నన్నే అడిగిండు గదా. నా మొకం చూసే అడిగిండు. మీరు చెప్పిన్రు."

ఆ మాట కిషన్‌కు తగలవలసిన చోటే తగిలింది. ఆయన చెడ్డవాడు కాడు. భార్య పేరు చెప్పుకుని బతికాడు, అంతే. సూటు కొలతలిచ్చే ప్రతి గిరాకీకీ ఒక్కపొద్దుల విమలమ్మ ముచ్చట వినిపించకుండా పంపేవాడు కాదు. ఆ ముచ్చట చెప్పీ చెప్పీ, పక్కన కూర్చున్న మనిషిని అడగడం మరిచిపోయాడు.

"కోస్తరు మరి" అన్నాడు మెల్లగా. "నిజం చెప్తే కడుపు కోస్తరు. భయమైతలేదా?"

"అయితది. శాన భయమైతది." విమల కళ్లు తుడుచుకుంది. "గానీ నాకు ఒక్కపూట పొట్టనిండ అన్నం తినాల్నని ఉన్నది. పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు. తిన్నంక ఏమైతదో అని గోడ దిక్కు చూసుకుంట కూసోకుంట. గంతే."

కిషన్ డాక్టరు నంబరు కలిపి, అటువైపు గొంతు వినబడగానే ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

విమల చెప్పింది. ముందు తడబడింది, తరువాత ఆగకుండా చెప్పింది. గులాబీ రంగు సీసాలు, దావత్‌లో వదిలేసిన విస్తరి, సోమవారం, గురువారం, శనివారం, ఇప్పుడు ఊపిరి వదలగానే వచ్చిన నొప్పి. అటువైపు రాఘవేంద్ర మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"మిమ్మల్ని విడిగా అడిగి ఉండాల్సిందమ్మా, పొరపాటు నాది" అన్నాడు చివరికి. "మొన్న స్కాన్ తీసేటప్పుడు ఊపిరి లోపలికి పీల్చి ఆపమన్నారు కదా? మామూలుగా అలాగే తీస్తారు. పీల్చినప్పుడు ఆ పట్టీ ధమని మీదనుంచి కాస్త పక్కకు తొలుగుతుంది. వదిలినప్పుడే నొక్కుతుంది. రేపు పొద్దున్న ఏమీ తినకుండా రండి, ఈసారి ఊపిరి వదిలి తీద్దాం. ఉబ్బు మూసేది ఎలాగూ మూస్తాం. మీరు చెప్పింది విన్నాక, పట్టీ కొయ్యకుండా వదలడం సరైన పని కాదనే అనుకుంటున్నాను. ఈ మధ్యలో ఒక్కసారిగా నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా ఒక్క క్షణం ఆగకుండా వచ్చెయ్యండి."

బొగ్గులకుంటలో ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. విద్యావతి గుమ్మంలోనే ఎదురొచ్చింది. కోసుడు లేదన్న కబురు అప్పటికే గల్లీ అంతా చేరవేసి ఉంది. "నీ ఒక్కపొద్దులే నిన్ను కాపాడినయ్ బిడ్డా" అని కోడలి చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

కిషన్ ఏదో అనబోతే విమల ఆపింది. "అత్తమ్మా, మీరు జర కూసోన్రి. నేను చెప్త."

చెప్పింది. దుకాణంలో చెప్పినదానికంటే ఇక్కడ చెప్పడం కష్టమైంది, ఎందుకంటే ఆ పేరును ఎక్కువగా దాచుకుని మురిసింది విద్యావతే. ఇంటి సోమవారం పూజ తన చేతిలోంచి తీసి కోడలి చేతిలో పెట్టిన మనిషి ఆమె. వింటున్నకొద్దీ ముఖం ఎర్రబడింది.

"దేవుని తోని పరాచికాలానే? గింతమంది ఆడోళ్లకు బొట్లు పెట్టినవ్ గదా, ఏ మొకం పెట్టుకొని పెట్టినవే?"

"సిగ్గుపడుకుంటనే పెట్టిన అత్తమ్మా."

విద్యావతి మూతి బిగించుకుని కొంగు సర్దుకుంది. ఆమె మనసులో ఆ పాత దావత్ మెదిలిందో లేదో గానీ, మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది.

"ఆనాడు నువ్వు అలిగినవని నేను ఇంట్ల ఎన్ని మాటలన్న. నొస్తున్నదే అని ఒక్కమాట అనకపోతివి."

"అన్న గూడ మీరు నమ్మకపోదురు."

"ఔ, నమ్మకపోదును" అని ముసలామె ఒప్పుకుంది. లేచి వంటింటి వైపు నడిచి, గడప దగ్గర ఆగింది. "మెత్తటి జొన్న గట్కనా, పెరుగన్నమా? ఏది తింటే తక్కువ నొస్తదో గది చెప్పు. జరంత జరంత పెడ్త."

విమలకు దుఃఖం ఆగలేదు. అత్త తిడుతుందని సిద్ధపడి వచ్చింది, ఏం తింటావని అడుగుతుందని కాదు.

అప్పుడు చూసింది అక్షితను. లక్డీకాపూల్‌లో ఆఫీసు ముగించుకుని ఎప్పుడు వచ్చిందో, భుజాన బ్యాగు కూడా దింపకుండా తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అన్నీ విన్నట్టే ఉంది. కళ్లల్లో నీళ్లున్నాయి. విమల దగ్గరికి పిలిచింది.

"ఏడువకు బిడ్డా. డాక్టర్ మంచిగ చేస్తనన్నడు."

అక్షిత వచ్చి తల్లి కాళ్ల దగ్గర కింద కూర్చుంది. చాలా మామూలు సంగతి అడిగినట్టుగా అడిగింది. "అమ్మా, తిన్నంక ఎంత సేపటికి వస్తది నొప్పి?"

"జర సేపటికే వస్తది. ఎందుకు?"

"మోకాళ్లు కడుపుల పెట్టుకొని ముడుసుకొని పండుకుంటే తగ్గుతది గదా?"

విమల చెయ్యి కూతురి తల మీద ఆగిపోయింది. ఆ సంగతి ఆమె డాక్టరుకు చెప్పలేదు. కిషన్‌కూ చెప్పలేదు, ఇప్పుడు అత్తకూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా తలుపు దగ్గరికేసుకుని, ఎవరూ లేనప్పుడు మాత్రమే అలా పడుకునేది.

"నీకెవరు చెప్పిన్రు?"

అక్షిత తలెత్తలేదు. తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని, వంటింట్లో నానమ్మకు వినబడకుండా అన్నది.

"ఎవ్వరు చెప్పలే. నేను ఆఫీసుల డైటింగ్ అని చెప్పుకుంటున్న అమ్మా. నీకు దేవుడు దొరికిండు, నాకు డైటింగ్ దొరికింది."